ఒకే చోటికి మూడు గ్రిడ్లు: సిమ్యులేషన్ డేటాను ఏ ఫార్మాట్‌లో రాసుకోవాలి?

సిమ్యులేషన్ పూర్తయింది, డిస్క్ నిండా ఫైళ్లున్నాయి. డేటాను బొమ్మగా చూపే పారావ్యూ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే మూడు గ్రిడ్లు (ప్రాంతాన్ని సెల్స్ అనే గళ్లుగా కోసిన వలలు) ఒకదాని మీద ఒకటి పడి, రంగులు కలిసిపోయి, గాలి ఎటు వీస్తోందో అర్థం కాని బొమ్మ వస్తుంది. అప్పుడు చాలామంది అడిగే ప్రశ్న "ఏ ఫార్మాట్ మంచిది?" అని. ఆ ప్రశ్న రెండోది. మొదట తేల్చుకోవాల్సింది వేరే ఉంది: ఒకే చోటి గురించి రెండు గ్రిడ్లు రెండు విలువలు చెబుతుంటే ఎవరి మాట చెల్లుతుంది? ఒకే పొలానికి ఇద్దరి దగ్గర పట్టాలున్నట్టే ఇది. అది తేలకుండా డేటాను ఏ ఫార్మాట్‌లో రాసినా గొడవ తీరదు.

  ఒకే సిమ్యులేషన్ రకరకాల గ్రిడ్ల మీద ఫలితాలు ఇచ్చినప్పుడు, వాటిని బొమ్మగా చూడటానికి ఎలా సర్దుకోవాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఉదాహరణకు తుఫాను సిమ్యులేషన్ తీసుకుంటాను. 2014 అక్టోబర్ 12న విశాఖపట్నం దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ను వాతావరణాన్ని లెక్కగట్టే డబ్ల్యూఆర్‌ఎఫ్ మోడల్‌లో మళ్లీ నడుపుతున్నారనుకోండి. ఈ మోడల్‌లో ఒక గ్రిడ్‌లో ఇంకో గ్రిడ్‌ను 3 రెట్ల తేడాతో పెట్టడం మామూలు. బయట 27 కిలోమీటర్ల సెల్స్, దాని లోపల 9, ఇంకా లోపల 3. లెక్క తేలిగ్గా ఉండటానికి ప్రతి గ్రిడ్‌కీ అడ్డంగా 100, నిలువుగా 100 సెల్స్, ఎత్తులో 50 పొరలు అనుకుందాం (అసలు పరుగులో లోపలి గ్రిడ్లకి 99 లాంటి, 3తో భాగారించబడే సంఖ్య పెట్టాలి). 27 కిలోమీటర్ల గ్రిడ్‌లో విశాఖ నగరం చాలావరకు ఒకే సెల్‌లో మునిగిపోతుంది. సింహాచలం కొండల వరస కాస్తయినా కనబడేది 3 కిలోమీటర్ల గ్రిడ్‌కి వచ్చాకే. కానీ తుఫాను మొత్తం ఆకారం తెలియాలంటే బయటి గ్రిడ్ కూడా కావాలి. అంటే ఏదీ పారేయలేం.

ముందు చూసుకోవాల్సినవి

*గ్రిడ్లు ఒకదానితో ఒకటి ఎలా ఉన్నాయి?* మూడు రకాలుంటాయి. టర్బైన్ లాంటి వాటిలో బ్లాకులు ఇటుకల్లా పక్కపక్కన ఆనుకుని ఉంటాయి, ఒకదాని మీద ఇంకోటి పడదు. మన తుఫానులోనూ, ఏఎంఆర్ (అవసరమైన చోట మాత్రమే సెల్స్‌ని సన్నగా కోసే పద్ధతి) కోడ్‌లలోనూ చిన్న సెల్స్ గ్రిడ్ పెద్ద సెల్స్ గ్రిడ్ లోపల కూర్చుంటుంది. విమానం రెక్క, హెలికాప్టర్ బ్లేడ్ సిమ్యులేషన్లలో వాడే ఓవర్‌సెట్ గ్రిడ్లు ఏ వరుసా లేకుండా ఒకదాని మీద ఒకటి పడతాయి. ఈ మూడింటికీ ఒకే సలహా పనికిరాదు.

*గ్రిడ్ తిన్నగా ఉందా, వంకరగా ఉందా?* డబ్ల్యూఆర్‌ఎఫ్ గ్రిడ్ మ్యాప్ మీద చూస్తే సమానమైన గళ్లే. నిలువుగా మాత్రం పొరలు నేలను అనుసరించి కొండ మీద పైకి లేచి, సముద్రం మీద కిందికి దిగుతాయి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పైనుంచి చూసి "ఇది ఏఎంఆర్ లాంటిదే కదా" అనుకుంటారు, కాదు.

*విలువలు సెల్ మధ్యలో ఉన్నాయా, మూలల్లో ఉన్నాయా, అంచుల మీదా?* డబ్ల్యూఆర్‌ఎఫ్‌లో ఉష్ణోగ్రత సెల్ మధ్యలో ఉంటుంది. గాలి వేగంలో తూర్పు-పడమర భాగం ఒక జత ముఖాల మీద, ఉత్తర-దక్షిణ భాగం ఇంకో జత మీద, నిలువు భాగం పై-కింది ముఖాల మీద ఉంటాయి. ఒక దిశలో 101 విలువలు, ఇంకో దిశలో 100 వస్తాయి. ఏ ఫార్మాట్‌కి వెళ్లినా ముందు వీటిని సగటు తీసి సెల్ మధ్యకి తేవాలి. పైగా ఆ వేగాలు గ్రిడ్ దిశలో ఉంటాయి. భూమ్మీది తూర్పు-ఉత్తరాలకు తిప్పకపోతే మ్యాప్ మీద బాణాలు కొద్దిగా పక్కకి చూపించొచ్చు.

*గ్రిడ్లు కాలంతో మారతాయా?* తుఫానును వెంటాడే గ్రిడ్ పెడితే లోపలి గ్రిడ్ జరుగుతూ ఉంటుంది. ఏఎంఆర్‌లో బాక్సులు కొత్తగా పుడతాయి, పోతాయి.

*ఎవరు తెరుస్తారు?* మీరొక్కరే లాప్‌టాప్‌లోనా, మీ ల్యాబ్ మొత్తమా, లేక అయిదేళ్ల తర్వాత ఎవరో తెలియని మనిషా?

సరిహద్దు తగాదా

ఫార్మాట్ల జోలికి వెళ్లేముందు దీని మీద కాసేపు ఆగాలి. ఎందుకంటే అసలు తప్పులు జరిగేది ఇక్కడే.

లోపలి గ్రిడ్ ఉన్న చోట బయటి గ్రిడ్ ఖాళీగా ఉండదు. అక్కడ కూడా విలువలుంటాయి. మొత్తం వానను కూడమని సాఫ్ట్‌వేర్‌ని అడిగితే అది మూడు గ్రిడ్లనూ కూడి ఇస్తుంది. అంటే విశాఖ మీద పడ్డ వాన మూడుసార్లు లెక్కలోకి వస్తుంది. నేనూ ఒకసారి ఇలాగే గతిశక్తి కూడి, లోపలి గ్రిడ్ పెట్టగానే తుఫాను బలం పెరిగిందని సంబరపడ్డాను. రెండు రోజుల తర్వాత తెలిసింది, పెరిగింది తుఫాను కాదు, లెక్క.

దీనికి మందు మాస్క్. బయటి గ్రిడ్‌లోని ప్రతి సెల్‌కీ ఒక అంకె: లోపలి గ్రిడ్ దాన్ని పూర్తిగా కప్పేస్తే 1, లేకపోతే 0. పారావ్యూకి పునాది అయిన వీటీకే లైబ్రరీలో దీనికోసం ఘోస్ట్ టైప్ అనే ప్రత్యేక అర్రే ఉంది. అందులో 1 అంటే పక్క బ్లాక్ నుంచి కాపీ చేసిన సెల్, 8 అంటే తనకంటే సన్నటి గ్రిడ్ కప్పేసిన సెల్, 32 అంటే దాచేసిన సెల్. పారావ్యూ దాన్ని చూసి ఆ సెల్స్‌ని గీయదు. అయితే ప్రతి ఫిల్టరూ దాన్ని ఒకేలా పట్టించుకుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. అందుకే నేను ఘోస్ట్ అర్రేతో పాటు మామూలు వేరియబుల్‌గా కూడా మాస్క్ రాస్తాను. ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా థ్రెషోల్డ్ పెట్టి వడకట్టేయొచ్చు.

ఇంకో మెలిక. లోపలి గ్రిడ్ చివరి వరుసల విలువలు బయటి గ్రిడ్ నుంచి తెచ్చుకున్నవే. వాటికి సొంత బుద్ధి లేదు. అందుకని చుట్టూ 3 సన్న సెల్స్ వెడల్పు, అంటే సరిగ్గా ఒక పెద్ద సెల్, బయటి గ్రిడ్‌కే వదిలేయండి: లోపలి గ్రిడ్‌లో ఆ వరుసల్ని దాచేసి, మాస్క్‌ని అంత లోపలికి జరపండి. 2 వరుసలో 4 వరుసలో వదిలితే పెద్ద సెల్ సగంలో తెగుతుంది, మధ్యలో సందు కనిపిస్తుంది.

సందు అంటే ఇంకో రకం కూడా గుర్తొచ్చింది. కాంటూర్ (ఒకే విలువ ఉన్న చోట్లని కలిపే గీత) గీయాలంటే పారావ్యూ సెల్ విలువల్ని మూలలకి మారుస్తుంది. ఆ పని బ్లాక్ బ్లాక్‌కీ విడివిడిగా చేస్తుంది కాబట్టి సరిహద్దు దగ్గర రెండు బ్లాకులూ రెండు విలువలకు వస్తాయి, గీత తెగుతుంది. పక్కపక్కన ఆనుకున్న బ్లాకుల్లో పక్క బ్లాక్ నుంచి కాపీ చేసిన ఒక వరుస ఘోస్ట్ సెల్స్ ఉంటే ఇది పోతుంది. పెద్ద-చిన్న గ్రిడ్ల మధ్య మాత్రం పూర్తిగా పోదు, తగ్గుతుందంతే.

మొదటి మార్గం: గ్రిడ్‌కో ఫైల్, పైన ఒక జాబితా

వీటీకే ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లు. ప్రతి గ్రిడ్‌నీ ఒక .వీటీఎస్ ఫైల్‌గా రాసి, వాటిని కలిపే .వీటీఎం ఫైల్ ఒకటి, అన్ని టైమ్‌స్టెప్పుల్నీ వరుసపెట్టే .పీవీడీ ఒకటి. జాబితా ఫైళ్లు మామూలు టెక్స్టే, చేత్తో కూడా రాయొచ్చు. పైథాన్‌లో ఒక మధ్యాహ్నం పని. వంకర గ్రిడ్, కదిలే గ్రిడ్, ఆనుకున్నవి, మీద పడ్డవి ఏవైనా దీంట్లో పడతాయి. ఏదైనా తేడా వస్తే ఒక్క ఫైల్ తెరిచి చూసుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి ఫైళ్ల సంఖ్య. తుఫానుకి గంటకో టైమ్‌స్టెప్ చొప్పున 4 రోజులకి 97 వస్తాయి. 3 గ్రిడ్లకి 291 ఫైళ్లు, పైన 97 జాబితాలు, ఒక .పీవీడీ, మొత్తం 389. ఇది ఫర్వాలేదు. కానీ 64 బ్లాకుల టర్బైన్‌ని 500 స్టెప్పులు రాస్తే 32,000 దాటుతుంది. సూపర్ కంప్యూటర్‌లో జాగా మిగిలి ఉండగానే ఫైళ్ల కోటా అయిపోతుంది, అడ్మిన్ నుంచి మెయిల్ వస్తుంది.

రెండోది, ప్రతి ఫైల్‌లోనూ కోఆర్డినేట్లు మళ్లీ మళ్లీ రాయాలి. మన లెక్కలో ఒక గ్రిడ్‌కి 101×101×51 పాయింట్లు. పాయింట్‌కి 12 బైట్లు చూసుకుంటే 6.2 ఎంబీ. మూడు గ్రిడ్లకి కలిపి 18.7 ఎంబీ, 97 స్టెప్పులకి 1.8 జీబీ. కదలని గ్రిడ్‌కి ఇది ఉత్త దండుగ.

రెండో మార్గం: హెచ్‌డీఎఫ్5లో డేటా, ఎక్స్‌డీఎంఎఫ్‌లో వివరణ

బరువైన అంకెలన్నీ హెచ్‌డీఎఫ్5లో, అంటే పెద్ద అంకెల పట్టికల్ని దాచే ఫైల్‌లో. ఏది ఎక్కడుందో చెప్పే చిన్న ఎక్స్‌ఎంఎల్ ఫైల్ పక్కన. కోఆర్డినేట్లు ఒక్కసారి రాసి 97 స్టెప్పులూ అక్కడికే చూపించొచ్చు, 1.8 జీబీ కాస్తా 18.7 ఎంబీకి దిగుతుంది. డబ్ల్యూఆర్‌ఎఫ్ పొరల ఎత్తులు స్టెప్ స్టెప్‌కీ కొద్దిగా మారతాయి నిజమే, కానీ బొమ్మ కోసమైతే మొదటి స్టెప్ ఎత్తులు చాలు. మీ కోడ్ ఇప్పటికే హెచ్‌డీఎఫ్5 రాస్తుంటే డేటాను ముట్టుకోకుండా వివరణ ఒక్కటే రాసుకోవచ్చు. నిర్మాణం కూడా సూటిగా ఉంటుంది: బయట కాలాల వరుస, ప్రతి కాలం లోపల గ్రిడ్ల వరుస.

దీని చికాకులు దీనికున్నాయి. కొలతలు జెడ్, వై, ఎక్స్ వరుసలో ఇవ్వాలి. 100×100 లాంటి సమాన గ్రిడ్‌లో తిరగేసి రాసినా తప్పు దొరకదు. బొమ్మ అద్దంలో చూసినట్టు వస్తుంది, మీరు గమనించరు. పరీక్షకి 40×30×20 లాంటి అసమాన గ్రిడ్ పెట్టుకోండి. పారావ్యూలో ఎక్స్‌డీఎంఎఫ్ ఫైల్ తెరిస్తే ఏ రీడర్ కావాలని ఒక జాబితా అడుగుతుంది. ఒకదాంట్లో తెరుచుకునే ఫైల్ ఇంకోదాంట్లో కూలిపోవచ్చు. ఇక ఈ ఫార్మాట్ చుట్టూ జరిగే పని ఈ మధ్య మందగించింది, వీటీకే వాళ్ల చూపు కొత్త ఫార్మాట్ వైపు మళ్లింది. ఉన్న ప్రాజెక్టులో బాగా నడుస్తుంటే మార్చొద్దు. కొత్తగా మొదలుపెడుతుంటే ఒకసారి ఆగి ఆలోచించండి.

మూడో మార్గం: వీటీకేహెచ్‌డీఎఫ్, అందులోని ఏఎంఆర్ నిర్మాణం

ఆ కొత్త ఫార్మాట్ ఇదే. అన్నీ ఒకే హెచ్‌డీఎఫ్5 ఫైల్‌లో, వివరణ కూడా లోపలే. ఏఎంఆర్ రకంలో మొత్తానికి ఒక మూలబిందువు, ప్రతి లెవెల్‌కీ సెల్ సైజు, ఆ లెవెల్‌లోని బాక్సుల జాబితా ఉంటాయి. ఒక్కో బాక్సుకి ఆరు పూర్ణాంకాలు: ఎక్స్‌లో మొదలు-చివర, వైలో, జెడ్‌లో. కోఆర్డినేట్లు రాయనే అక్కర్లేదు. అన్నిటికంటే మేలైన సంగతి, ఎవరి మాట చెల్లుతుందన్న ప్రశ్నకి జవాబు బాక్సుల్లోంచే వస్తుంది. చిన్న బాక్సు ఉన్న చోట పెద్దదాన్ని రీడరే మూసేస్తుంది.

కానీ బాక్సులు తిన్నగా ఉండాలి. సెల్స్ సమానంగా ఉండాలి. కొండ మీదికి వంగే పొరలు దీంట్లో కూర్చోవు. తుఫాను డేటాని దీంట్లో పెట్టాలంటే ముందు నిలువుగా సమాన ఎత్తుల పొరలకి ఇంటర్‌పొలేట్ చేయాలి, అంటే మధ్య విలువల్ని అంచనా వేయాలి. అప్పుడు నేలకి దగ్గర్లో, అంటే గాలి ఇళ్ల కప్పులు లేపిన చోట, వివరం పోతుంది. 10 కిలోమీటర్ల ఎత్తులో మేఘాలు చూపించడానికైతే సరే, తీరం మీద గాలిని చూపించడానికి వద్దు.

మీ కోడ్ ఏఎంరెక్స్ లాంటి ఏఎంఆర్ లైబ్రరీ మీద రాసిందైతే మార్చే పనే పెట్టుకోకండి. దాని ప్లాట్‌ఫైల్ ఫోల్డర్‌ని బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్లు పారావ్యూ, విజిట్, వైటీ మూడూ నేరుగా తెరుస్తాయి. మార్చిన ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోతుంది.

నాలుగో మార్గం: సీజీఎన్‌ఎస్

1990ల మధ్యలో నాసా, బోయింగ్ కలిసి మొదలుపెట్టిన ప్రామాణికం ఇది, ఫ్లూయిడ్ డైనమిక్స్ వాళ్ల కోసం. ఫైల్ లోపల ఒక చెట్టు. పైన బేస్, దాని కింద జోన్లు (ఒక్కో బ్లాక్‌కి ఒకటి), ఒక్కో జోన్ కింద కోఆర్డినేట్లు, ఫలితాలు, సరిహద్దు షరతులు, పక్క జోన్‌తో సంబంధం. ఈ చివరిదే దీని బలం. ముఖానికి ముఖం సరిపోయేవి, ఆనుకుని ఉన్నా సెల్స్ కలవనివి, ఓవర్‌సెట్‌గా మీద పడేవి, ఓవర్‌సెట్‌లో ఎక్కడ రంధ్రం కోశారో కూడా రాసుకునే చోటు ప్రామాణికంలోనే ఉంది. ఘోస్ట్ సెల్స్‌కి రిండ్ అనే పేరుతో చోటుంది. వేరియబుల్ పేర్లు ముందే నిర్ణయించి ఉంటాయి, యూనిట్లు రాయడానికీ చోటుంది కాబట్టి మీ 'పీ' ఒత్తిడా, శక్తా అని ఎవరూ ఫోన్ చేసి అడగరు.

అయితే ఫైల్‌లో రాసి ఉన్నంత మాత్రాన బొమ్మ గీసే సాఫ్ట్‌వేర్ అదంతా చదువుతుందని కాదు. పక్క జోన్‌తో సంబంధం వివరాలు లెక్క చేసే కోడ్‌కి పనికొస్తాయి. బొమ్మ కోసం మాస్క్‌ని మామూలు వేరియబుల్‌గా కూడా రాయడం ఇక్కడా తప్పదు. నోడ్ పేర్లు 32 అక్షరాలు దాటకూడదన్నది చిన్న విషయమే, కానీ పొడుగు పేర్లు పెట్టే అలవాటున్నవాళ్లకి తగులుతుంది. వాతావరణ డేటాకి దీన్ని వాడటం పెళ్లి బట్టల్లో పొలానికి వెళ్లడమే. టర్బైన్, రెక్క, పంపు లాంటి పనులకి మాత్రం ఇదే మొదటి ఎంపిక.

నాసా ఏమ్స్ నుంచి వచ్చిన పాత ప్లాట్3డీ ఫార్మాట్ గురించి ఒక్క మాట. ఇప్పటికీ చాలా ల్యాబుల్లో బతికే ఉంది. ఫైల్ తనెవరో తాను చెప్పుకోదు. బైట్ల వరుస ఏమిటి, ఫోర్ట్రాన్ రికార్డు గుర్తులున్నాయా, గ్రిడ్లు ఒకటా చాలానా, బ్లాంకింగ్ (కొన్ని పాయింట్లని దాచడం) ఉందా, ఇవన్నీ రీడర్ ఊహించాలి లేదా మీరు చెప్పాలి. వస్తే చదవండి, కొత్తగా రాయకండి. విజిట్ మీదే పనిచేసే బృందమైతే సైలో ఫార్మాట్ కూడా చూడొచ్చు. విజిట్, సైలో రెండూ అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ల్యాబ్‌లో పుట్టినవే.

అయిదో మార్గం: అన్నిటినీ ఒకే గ్రిడ్‌లోకి

అందరికీ ముందుగా తట్టేది ఇదే. మూడు గ్రిడ్లెందుకు, అంతా 3 కిలోమీటర్లకి మార్చేస్తే పోలా? లెక్క చూడండి. మూడు గ్రిడ్లలో కలిపి 15 లక్షల సెల్స్. మొత్తం ప్రాంతాన్ని 3 కిలోమీటర్లకి కోస్తే 900×900×50, అంటే 4 కోట్ల 5 లక్షలు. సరిగ్గా 27 రెట్లు. 6 వేరియబుల్స్, 97 స్టెప్పులు, 4 బైట్ల అంకెలతో 3.5 జీబీ డేటా 94 జీబీ అవుతుంది. అందులో కొత్త సమాచారం సున్నా. పైగా 27 కిలోమీటర్ల విలువని నున్నగా సాగదీస్తే, చూసేవాళ్లు అక్కడ కూడా 3 కిలోమీటర్ల వివరం ఉందనుకుంటారు.

అలాగని ఇది ఎప్పుడూ తప్పని కాదు. మేఘాల్లోంచి చూసినట్టుండే వాల్యూమ్ రెండరింగ్‌కి ఒకే సమాన గ్రిడ్ అంత తేలిక ఇంకోటి లేదు. ఒక వీడియోకి కావాల్సిన వేరియబుల్, కావాల్సిన ప్రాంతం, కావాల్సిన కొద్ది గంటలు మాత్రం మార్చుకుని, పని అయ్యాక తీసేయండి. అసలు డేటాని మాత్రం ముట్టుకోవద్దు.

| మార్గం | వంకర గ్రిడ్ | కాలంతో మారే గ్రిడ్ | ఫైళ్లు | ఎవరి మాట చెల్లుతుందో ఎక్కడ రాస్తాం |
|---|---|---|---|---|
| .వీటీఎం, .పీవీడీ | పడుతుంది | పడుతుంది | చాలా ఎక్కువ | ఘోస్ట్ అర్రే, మాస్క్ |
| ఎక్స్‌డీఎంఎఫ్ | పడుతుంది | కోఆర్డినేట్లు మళ్లీ రాయాలి | తక్కువ | మాస్క్ మనమే రాయాలి |
| వీటీకేహెచ్‌డీఎఫ్ ఏఎంఆర్ | పడదు | పడుతుంది | ఒకటి | బాక్సుల్లోంచే వస్తుంది |
| సీజీఎన్‌ఎస్ | పడుతుంది | పడుతుంది, పని ఎక్కువ | ఒకటి లేదా కొన్ని | ప్రామాణికంలోనే, మాస్క్ కూడా రాస్తే మేలు |
| ఒకే గ్రిడ్ | మారిపోతుంది | సమస్య లేదు | మనిష్టం | ఆ ప్రశ్నే మిగలదు |

మీరెవరు?

లాప్‌టాప్‌లో థీసిస్ చేస్తున్న విద్యార్థి అయితే మొదటి మార్గం. రెండు నెలల్లో సమర్పించాలన్న టెన్షన్‌లో కొత్త ఫార్మాట్ నేర్చుకోవద్దు. మాస్క్ ఒక్కటి సరిగ్గా రాయండి చాలు.

తుఫాను, వాతావరణం పనిచేసే బృందమైతే మోడల్ ఇచ్చిన నెట్‌సీడీఎఫ్ ఫైళ్లే మీ అసలు ఆస్తి. వాటిని అలాగే దాచండి. పేర్లలోని డీ01, డీ02, డీ03 చూస్తేనే ఏ గ్రిడ్ ఏదో తెలుస్తుంది. బొమ్మల కోసం పక్కన హెచ్‌డీఎఫ్5, ఎక్స్‌డీఎంఎఫ్ కాపీ పెట్టుకోండి, పోయినా మళ్లీ తయారుచేసుకోవచ్చు. త్రీడీలో త్వరగా ఒకసారి చూడాలంతే అనుకుంటే అమెరికాలోని వాతావరణ పరిశోధన కేంద్రం ఎన్‌కార్ తయారుచేసిన వేపర్ అనే సాఫ్ట్‌వేర్ డబ్ల్యూఆర్‌ఎఫ్ ఫైళ్లని నేరుగా తెరుస్తుంది. ఇంకో మాట: 2,700 కిలోమీటర్ల వెడల్పుకి 20 కిలోమీటర్ల ఎత్తు అప్పడంలా కనబడుతుంది కాబట్టి ఎత్తుని సాగదీయక తప్పదు. అది తెర మీద చేయండి, ఫైల్‌లో కాదు. ఫైల్‌లో 20 రెట్లు సాగదీసి మర్చిపోయినవాళ్ల నిలువు ప్రవణతలన్నీ (ఎత్తుతో పాటు వచ్చే మార్పు రేట్లు) తర్వాత 20 రెట్లు తక్కువగా వస్తాయి.

వేల కోర్ల మీద నడిపే వాళ్లయితే ముందు చూడాల్సింది ఫైళ్ల సంఖ్య. ప్రతి ప్రాసెస్ తన ఫైల్ తాను రాసుకునే పద్ధతి చిన్న పరుగులో బాగుంటుంది, పెద్ద పరుగులో డిస్క్‌ని తినేస్తుంది. ఏఎంఆర్ అయితే కోడ్ సొంత ఫార్మాట్, వంకర బ్లాకులైతే సీజీఎన్‌ఎస్.

ఏది ఎంచుకున్నా 97 స్టెప్పులూ రాసే ముందు ఒక్క స్టెప్ రాసి మూడు పరీక్షలు పెట్టండి. గ్రిడ్ నంబర్‌నే వేరియబుల్‌గా రాసి రంగులు చూడండి. మాస్క్ తప్పితే ఇక్కడే కనబడుతుంది, రెండు రంగులు గజిబిజిగా కలుస్తాయి. తర్వాత 1 అనే స్థిర విలువని మొత్తం ఘనపరిమాణం మీద కూడండి. బయటి గ్రిడ్ ఒక్కదాని ఘనపరిమాణానికి దగ్గరగా రావాలి. నేల ఎత్తులు వేరు కాబట్టి అణువంత తేడా ఉంటుంది, కానీ సరిహద్దులో ఒక వరుస సెల్స్ రెండుసార్లు లెక్కపడితే తేడా అంతకు మించి కనబడుతుంది. చివరిగా ఎక్స్‌కి రెండు వైలు, మూడు జెడ్‌లు కలిపిన విలువని రాసి కాంటూర్ గీయండి. అది గ్రిడ్లన్నిటినీ దాటుతూ ఒకే చదునైన పలకగా రావాలి. పెద్ద-చిన్న గ్రిడ్ల సరిహద్దులో ఇందాక చెప్పిన చిన్న సందు తప్ప ఇంకెక్కడైనా విరిగితే అక్కడ మీ వరుస తిరగబడింది, లేదా సెల్ విలువని మూలలో రాశారు.